సెసీల్ పెద్దమ్మ వద్దన్న ఓటు

సెసీల్ పెద్దమ్మ మోకాలి లోతు నీళ్ళలో నిలబడి బుట్టలో మొక్కజొన్న గింజలు కడుగుతోంది, ఆ నీళ్ళు కాసేపు నదిలా ఉంటున్నాయి, కాసేపు సభలు జరిగే పొడుగింట్లో నేల మీద నిలిచినట్టు ఉంటున్నాయి, గోడల వెంబడి బల్లలు ఎక్కడివక్కడే ఉన్నాయి, ఈ చివర ఒక కట్టెల పొయ్యి, ఆ చివర ఒకటి, రెండూ నీళ్ళలోనే నిక్షేపంగా మండుతున్నాయి. డెల్ఫీన్‌కి ఇందులో వింతేమీ కనిపించడం లేదు. పెద్దమ్మ పోయి మూడేళ్ళయిందని ఆమెకి తెలుసు, పదో రోజు భోజనాలకి వండింది తనే, ఆచారం ప్రకారం ఆవిడ కోట్లూ గిన్నెలూ దుప్పట్లూ తలా ఒకటి పంచిపెట్టిందీ తనే. అయినా "ఇంకా అవలేదా పెద్దమ్మా?" అని అడుగుతోంది, నిన్న సాయంత్రమే మాట్లాడి వెళ్ళినదానిలా.

"పొట్టు ఊడటం లేదే," అంటుంది పెద్దమ్మ తలెత్తకుండా. "బూడిద వేసి బాగానే ఉడకబెట్టాను. కడిగీ కడిగీ చేతులు పోతున్నాయి."

డెల్ఫీన్ బూట్లతోనే నీళ్ళలోకి దిగి బుట్టకి రెండో వైపు పట్టుకుంటుంది, ఇద్దరూ కలిసి ఊపుతారు, నీళ్ళు పచ్చగా పారుతూనే ఉంటాయి.

వాళ్ళిద్దరూ మోహాక్ అనే ఆదివాసీ తెగ మనుషులు. సెయింట్ లారెన్స్ నది ఒడ్డున, కెనడా ప్రభుత్వం గీత గీసి మీది ఇంతేనని తేల్చిన ఊరు వాళ్ళది. మనకి గోత్రం తండ్రి నుంచి వస్తే వాళ్ళకి వంశం తల్లి నుంచి వస్తుంది, నాయకుణ్ణి నిలబెట్టేదీ, దారి తప్పితే దింపేదీ ఆ వంశానికి పెద్దయిన ఆడమనిషే. ఎలుగుబంటి వంశానికి ఇరవై ఆరేళ్ళపాటు ఆ పెద్ద సెసీల్. అయితే ఊళ్ళో ఇంకో కౌన్సిల్ కూడా ఉంది, ప్రభుత్వం చట్టం ప్రకారం పెట్టెలో ఓట్లు వేస్తే గెలిచే కౌన్సిల్, రోడ్లూ స్కూలు బస్సులూ ఉద్యోగాలూ అన్నీ దాని గుప్పిట్లో ఉంటాయి. పొడుగింటి మనుషులు ఆ పెట్టె మొహం చూడరు. అందులో ఓటు వేస్తే ఆ చట్టానికి తల ఒగ్గినట్టేనని వాళ్ళ పట్టుదల, ఆ పట్టుదలలో న్యాయం లేదని నేననను.

నీళ్ళ మీద చిన్న పడవ ఒకటి వస్తోంది. అందులో కౌన్సిల్ గుమాస్తా, అతని ఒళ్ళో రేకు పెట్టె. గోడల వెంబడి బల్లల మీద ఎలుగుబంటి వంశం ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు, నూట ఎనభై మంది, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఒక్కరూ పెదవి కదపకుండా. గుమాస్తా వాళ్ళ ముందు నుంచే పోతూ "ఎవరూ లేరు, ఎవరూ లేరు" అని రాసుకుంటున్నాడు. ఇది ఎనిమిదేళ్ళ కిందట నిజంగానే జరిగిందని డెల్ఫీన్‌కి తెలుసు.

అప్పుడు ఓటు ఎగువ ఒడ్డు గురించి. బుట్టలల్లే సువాసన గడ్డి కోసుకునే ఆ నేలని లారీల కంపెనీకి కౌలుకి ఇవ్వాలా వద్దా అని. పొడుగింటి సభలో ఒక వంశం నోరు విప్పకపోతే పని ముందుకి పోదు, ఊళ్ళో ఉన్న మూడు వంశాలూ ఔనంటేనే ఔను. ఆ అలవాటులో ఉన్న మనుషులు కాబట్టి, రాకపోతే చాలు, వద్దన్నట్టే అనుకున్నారు. పెట్టెకి ఆ మర్యాద ఏం తెలుసు. వచ్చినవాళ్ళనే లెక్కపెట్టింది. నలభై ఆరు ఓట్ల తేడాతో ఒడ్డు పోయింది.

"ఆ రోజు ఇంటింటికీ ఫోన్ చేసింది నేను," అంటుంది డెల్ఫీన్. "పెద్దమ్మ వెళ్ళొద్దంది అని చెప్పాను. నూట ఎనభై సార్లు."

"చెప్పమన్నాను, చెప్పావు."

"తప్పయిందని ఒక్కసారైనా అనలేదు నువ్వు."

పెద్దమ్మ బుట్ట ఊపడం ఆపదు. బల్లల మీద ఆడవాళ్ళు ఇప్పుడు లేరు, వాళ్ళ బదులు కిటికీలున్నాయి, అన్నిటికీ ఒకటే గోధుమ రంగు తెర, పెద్దమ్మ ఇంటి ముందు గదిలో ఎగువ ఒడ్డు వైపు కిటికీకి ఉండే తెర.

"మొదటి లారీ వచ్చిన రోజు ఆ తెర వేసేశాను," అంటుంది. "నేను పోయేదాకా మళ్ళీ తియ్యలేదు. ఎందుకనుకున్నావు?"

"కళ్ళకి వెలుతురు పడటం లేదన్నావు."

"అన్నాను."

డెల్ఫీన్‌కి ఏడుపు వస్తుంది గానీ కలలో ఏడవడానికి కూడా ఓపిక కావాలి, ఆమెకి అది లేదు. ఎనిమిదేళ్ళుగా ఆ ఒడ్డు పక్కనుంచి కారు నడుపుకుంటూ పనికి వెళ్ళి వస్తున్న మనిషి ఆమె.

"ఈ రోజు మళ్ళీ పెట్టె తెచ్చారు," అంటుంది. "ఈసారి దిగువ ఒడ్డున స్ట్రాబెర్రీ పొలం. కంకర కంపెనీకి ముప్ఫై ఏళ్ళకి ఇస్తారట. నలభై ఉద్యోగాలు వస్తాయంటున్నారు."

"ఉద్యోగాలు చెడ్డవా? మీ మామయ్యలు ఆదివారం రాత్రి బయల్దేరి న్యూయార్క్ మేడల మీద ఇనుము బిగించి శుక్రవారం ఇల్లు చేరేవాళ్ళు. పిల్లలకి తండ్రి మొహం గుర్తుండేది కాదు. ఊళ్ళోనే పని దొరికితే ఎవరికి చేదు?"

"మొదటి పళ్ళు కోసి అందరం కలిసి మొక్కుకునే పొలం పెద్దమ్మా. అది కూడా పోతే మనకి ఒడ్డు మిగలదు. వెళ్ళి వద్దని వేస్తాను. వెళ్ళమని ఒక్క మాట అను."

"అంటే ఏం చేస్తావు?"

"నీ మాట మీద వెళ్ళానని చెప్పుకుంటాను. కోతలయ్యాక నన్ను నీ చోట నిలబెడతామంటున్నారు. ఓటు వేసినదాన్ని నిలబెట్టరు."

"నిలబెట్టరు," అంటుంది పెద్దమ్మ. "నేనున్నా నిలబెట్టను."

ఆ మాట మెత్తగానే అంటుంది, అందుకే ఎక్కువ తగులుతుంది. పడవ మళ్ళీ తిరిగి వస్తోంది, ఆడవాళ్ళు మళ్ళీ బల్లల మీద ఉన్నారు, లేవండి, చేతులెత్తండి అని వాళ్ళని కేకెయ్యాలని డెల్ఫీన్ నోరు తెరుస్తుంది, ఆ నోట్లోంచి పెద్దమ్మ గొంతు వస్తుంది, "ఇళ్ళల్లోనే ఉండండి" అని. మళ్ళీ తెరుస్తుంది, మళ్ళీ అదే గొంతు. నూట ఎనభై మందీ తలలూపి కూర్చుంటారు.

పెద్దమ్మ మొదటిసారి తలెత్తి చూస్తుంది. మొహమంతా అలసటే.

"చూశావా. మూడేళ్ళుగా నాకు ఇదే పని. ఎవరికేం తోచకపోయినా 'సెసీల్ ఉంటే ఏమనేది' అని నన్ను లేపుతారు. పదో రోజు నా సామానంతా పంచిపెట్టావు, బాగానే చేశావు. నా నోరు మాత్రం నీ దగ్గర దాచుకున్నావు."

"వెళ్ళమంటావా, వద్దంటావా?"

"ఏదీ అనను. నేను అన్నదానికి ఒక ఒడ్డు పోయింది, చాలదా? బతికున్నవాళ్ళ పొలం అది. నాకు అలుపొచ్చింది డెల్ఫీ, ఆ బుట్ట ఇలా ఇయ్యి."

బుట్ట తీసుకుని నీళ్ళలోంచి నడిచిపోతుంది, వెనక్కి తిరగదు, నీళ్ళు ఆవిడతోపాటే తగ్గుతూ పోతాయి, గుమాస్తా పడవ వంటింటి గచ్చు మీద ఆగిపోతుంది.

ఫోను మోగుతోంది. డెల్ఫీన్ వంటింట్లో కుర్చీలోనే నిద్రపోయింది. గడియారం సాయంత్రం నాలుగూ నలభై చూపిస్తోంది, పెట్టె ఎనిమిదింటికి మూసేస్తారు.

ఫోన్లో చిన్నమ్మ కూతురు వెర్నా. "అక్కా, అందరూ నన్ను అడుగుతున్నారు. వెళ్ళాలా, మానాలా? పెద్దమ్మ ఉంటే ఏమనేది?"

"పెద్దమ్మ..." అని మొదలుపెట్టి డెల్ఫీన్ ఆగిపోయింది. గొంతు బొంగురుగా, పొద్దున్నుంచి వాడనిదానిలా ఉంది. తనదే.

"నాకు తెలీదు వెర్నా. నేను మాత్రం వెళ్తున్నాను. వద్దని వేసి వస్తాను."

"మరి పెద్దమ్మ చోటు?"

"నాకు రాదు."

"నేను రాలేను అక్కా," అంది వెర్నా. "ఏమీ అనుకోకు. మా అమ్మ ఉండగా ఆ గుమ్మం తొక్కలేను."

"అనుకోను," అంది డెల్ఫీన్, నిజంగానే అనుకోలేదు. ఫోను పెట్టేసి, ఎనిమిదేళ్ళ కిందటి ఫోన్ల జాబితా తీసి, మొదటి పేరుకి ఫోన్ కలిపింది.

"నేను డెల్ఫీన్‌ని," అంది. "కాదు, పెద్దమ్మ చెప్పమన్న మాట కాదు. నేనే మాట్లాడుతున్నాను."