దిగని దుమ్ము

ఆదివారం ఏడింటికల్లా ఇసోగై తమోత్సు కాకో నది ఒడ్డున బేస్‌బాల్ మైదానంలో ఉంటాడు. వాన పడితే తప్ప ఇరవైమూడేళ్లుగా ఇదే వరస. ముందు టోపీ తీసి మైదానానికి వంగి నమస్కరిస్తాడు. సుద్దపొడి బండి తోసుకుంటూ గీతలు గీస్తాడు. ఆనక చిన్న బ్రష్షు పట్టుకుని పరుగు ముగిసే తెల్లని పలక, హోమ్ ప్లేటు దగ్గర గొంతుక్కూర్చుని మట్టి దులుపుతాడు. ఎడమ మూలకొచ్చేసరికి మాత్రం చెయ్యి నెమ్మదిస్తుంది.

అక్కడ దుమ్ముంది. నేలమీది దుమ్ము కాదు, గాలిలో నిలిచిపోయిన దుమ్ము. ఒక మోకాలు మడిచి, కుడిచెయ్యి ముందుకు చాచి, జారుకుంటూ వస్తున్న పన్నెండేళ్ల పిల్ల ఆకారంలో ఉంటుంది. తుఫాన్లొచ్చాయి, నది రెండుసార్లు మైదానాన్ని ముంచింది. నీళ్లు తీశాక చూస్తే మళ్లీ అక్కడే. ఆటలో పిల్లలు దాంట్లోంచే జారతారు, అది చెదిరి మళ్లీ కూడుకుంటుంది. పైఊరి జట్లు వస్తే మరుగుదొడ్డి ఎటో, దుమ్ము ఎక్కడో ఊరివాళ్లు ఒకే ఊపులో చెప్పేస్తారు.

ఆ పిల్ల తమోత్సు కూతురు నాగిసా.

పిల్లల ఆటకు జీతాల అంపైర్లు ఎక్కడినుంచి వస్తారు? తండ్రులే వంతులవారీగా నిలబడాలి. జిల్లా పోటీలకు ఎవరు వెళ్లాలో తేలే రోజున ప్లేటు వెనక వంతు తమోత్సుకు పడింది. చివరి ఇన్నింగ్స్, చెరి సమానం. మూడో బేసు నుంచి నాగిసా పరిగెత్తింది. జట్టు మొత్తానికి ఒక్కతే ఆడపిల్ల. బంతి పట్టినవాడు తనను తాకేలోపు హోమ్ ప్లేటు తాకితే సేఫ్, గెలుపు. పిల్ల జారింది, బంతి వచ్చింది, దుమ్ము లేచింది. కూతురని వదిలేశాడంటారేమోనన్న భయం ఆయన కళ్లకంటే ముందే చేతిని లేపేసింది. "అవుట్" అన్నాడు.

తీర్పు సరైనదేనా అని అడిగే హక్కు జట్టు గురువు హాన్యూ ఒక్కడికే ఉంది. ఆయన అడగలేదు. ఆట పొడిగించారు, ఓడిపోయారు. ఓడినవాళ్లే వచ్చి తమోత్సు భుజం తట్టారు. సొంత బిడ్డకే అవుటిచ్చిన మనిషంటే మాటలా అన్నారు. అప్పటినుంచి కొత్త అంపైర్లకు నేర్పే పని ఆయనకే అప్పజెప్పారు. నాగిసా మాత్రం టోపీ తీసి, అందరితోపాటు వరసలో నిలబడి, వంగి కృతజ్ఞతలు చెప్పి, ఇంటికొచ్చి గ్లవ్‌ను చెప్పుల అర అడుగున పెట్టేసింది. ఒక్క మాట అనలేదు. అరిచినా బాగుండేదని తమోత్సు ఎన్నిసార్లు అనుకున్నాడో.

ఆ దుమ్ములో చాచిన వేళ్లు ప్లేటు మూల మీద ఆని ఉంటాయి. ముంజేతి కంకణానికి అద్దమెందుకు? చూసిన ప్రతివాడికీ తెలుసు. ఒక్కడూ అనడు. మర్యాద. ఆయన పరువంతా ఆ ఒక్క తప్పు మీదే నిలబడి ఉంది మరి, లాగేస్తే ఇంకేం మిగులుతుంది?

భార్య కిమియే పోయి ఆరేళ్లు. ఉన్నన్నాళ్లూ ఆదివారం రెండు అన్నంముద్దలు కట్టిచ్చేది గానీ, ఆ రోజు తరవాత మైదానంలో అడుగుపెట్టలేదు. ఇప్పుడు ఆయనే కట్టుకుంటాడు, అలవాటుగా రెండు. ఒకటి బెంచీ చివర కూర్చుని తింటాడు, రెండోది ఇంటికి పట్టుకుపోతాడు. నాగిసా ఒకయామాలో సిటీ బస్సు నడుపుతుంది. కొత్త సంవత్సరానికి అచ్చు వేసిన కార్డొకటి వస్తుంది. కింద పేరు తప్ప చేత్తో రాసిన అక్షరం ఉండదు.

ఈ ఆదివారం ప్లేటు వెనక మినోబె నిలబడ్డాడు. జట్టులో కొత్తగా చేరిన పిల్లాడి తండ్రి, మొదటి వంతు. తమోత్సు ఒకటో బేసు దగ్గర అంపైరుగా ఉన్నాడు. ప్లేటు అంపైరు అడగనిదే మిగతావాళ్లు నోరు విప్పకూడదు, ఆ నియమం నేర్పింది తమోత్సే. చివరి ఇన్నింగ్స్‌లో మినోబె కొడుకు రిహెయ్ హోమ్ ప్లేటు వైపు దూకాడు. చెయ్యి మూలకు తగిలింది. బంతి పట్టిన క్యాచర్ గ్లవ్ ఆ తరవాత భుజానికి తగిలింది. మినోబె పిడికిలి లేచింది.

"అవుట్."

రిహెయ్ లేచి టోపీ తీశాడు. వాడు లేచిన చోట దుమ్ము లేచినట్టే ఉండిపోయింది, పాతదాని పక్కనే. బెంచీల మీద అందరూ చూశారు, చూపు తిప్పుకుని బార్లీ టీ పోసుకున్నారు. మినోబె పాలిపోయిన ముఖంతో తమోత్సు వైపు తిరిగాడు.

"మీలాగే చేశాను, ఇసోగై గారూ."

తమోత్సు ఎవరూ పిలవకుండానే ప్లేటు దగ్గరికి నడిచాడు.

"నాలాగా చెయ్యకు తమ్ముడూ. చెయ్యి ముందు తగిలింది. నా కూతురిదీ ముందే తగిలింది."

"ఇప్పుడు మారిస్తే కొడుకు కోసం మార్చాడంటారండీ."

"అంటారు, అననీ. అనేవాళ్లు సాయంత్రానికి ఇళ్లకు పోతారు. ఈ దుమ్ముతో ఉండాల్సింది నువ్వు."

మినోబె రెండు చేతులూ బారచాపి సేఫ్ అన్నాడు. కొత్త దుమ్ము మామూలు దుమ్ములాగే నేల మీద పడింది. అవతలి గురువు గొణిగాడు, చివరికి ఒప్పుకున్నాడు.

పిల్లలు వరసకట్టి నమస్కారాలు చెప్పుకున్నాక తమోత్సు పాత దుమ్ము ముందు నిలబడి, టోపీ తీసి, తనూ చేతులు చాపాడు. "సేఫ్" అన్నాడు. అది కదల్లేదు.

బెంచీ మీంచి ఎనభై దాటిన హాన్యూ కర్ర పోటేసుకుంటూ వచ్చాడు.

"దానికి చెప్పి ఏం లాభంరా? ఆ రోజు నాకూ కనబడింది. నేనూ అడగలేదు. చెప్పాల్సింది ఆ పిల్లకి."

తమోత్సు అక్కడే ఫోను తీశాడు. అటువైపు బస్సు ఇంజను ఆగిన చప్పుడు వినిపించింది.

"నాన్నా? ఎవరికైనా ఏమైనా అయిందా?"

"ఏం కాలేదు. నాగిసా, నువ్వు సేఫ్. చెయ్యి ముందే తగిలింది. ఇన్నేళ్లూ నాకు కనబడుతూనే ఉంది, జనానికి భయపడ్డాను."

పెట్టేసిందేమోననుకుని ఆయన ఫోను చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాడు. ఆనక గొంతు వినిపించింది, ముప్పైఅయిదేళ్ల మనిషి గొంతులా లేదది.

"అయితే ఆ రోజు మేం గెలిచామా?"

"గెలిచారమ్మా."

దుమ్ము దిగింది. ముందు మోకాలు, తరవాత భుజం, చిట్టచివర వేళ్లు. ప్లేటంతా పరుచుకుంది, ఆయన బూట్ల మీదా పడింది. ముక్కు ఎగబీల్చిన చప్పుడయ్యాక, బుధవారం తనకు డ్యూటీ లేదని నాగిసా చెప్పింది.

మినోబె బ్రష్షు పట్టుకుని ప్లేటు దులపబోయాడు. తమోత్సు అతని చెయ్యి పట్టుకుని ఆపాడు. బుధవారం దాకా ఉండనిమ్మన్నాడు.