తెడ్డు వదలకూడని వేళ

పాలు దగ్గరపడుతున్నాయి, తెడ్డు గుండ్రంగా తిరుగుతోంది, తిప్పుతున్నది తన చెయ్యేనని సత్యవేణికి కాసేపటికి గాని తెలియదు. ఇత్తడి గుండిగ ఎప్పటిలాగే కట్టెల పొయ్యి మీద ఉంది, పెరడు మాత్రం తన చోట లేదు. ప్రహరీ గోడ ఉండాల్సిన చోట ఏరు దాటించే పంటు కమ్మీలు, వాటి అవతల గోదావరి, ఒక ఒడ్డు వదిలేసి రెండో ఒడ్డు ఎటుందో తోచనట్టు నిదానంగా పోతున్న ఆ నీళ్ళ మీద పొయ్యి, గుండిగ, తను, తీగ మీద ఆరేసిన రెండు తువ్వాళ్ళు అన్నీ కలిసి పోతున్నాయి, అయినా మంట వంగడం లేదు, పొగ కళ్ళలోకి రావడం లేదు. సత్యవేణి గుండిగ అంచును వట్టి చేత్తో పట్టుకుంటుంది. కాలదు. కాలాలి కదా అనుకుంటుంది, అంతే, అంతకుమించి ఆ విషయం మీద ఆమెకు పట్టింపు లేదు.

ఎదురుగా చాప మీద తాయారు వదిన కాళ్ళు బారచాపుకుని కూర్చుని పాలతాలికలు చేస్తోంది. తాయారమ్మ సత్యవేణి భర్తకు అక్క. ఇరవై రెండేళ్ళకే మొగుడు పోతే పుట్టింటికి వచ్చేసి, ధవళేశ్వరంలో ఎవరి పిల్లకు అన్నప్రాసన జరిగినా, ఎవరి నోము తీరినా పరమాన్నం ఈ పెరట్లోంచే వెళ్ళాలన్నంత పేరు తెచ్చుకుని, ఆ విద్యంతా మరదలి చేతిలో పెట్టి, కిందటి మాఘమాసంలో పోయింది. పోయిందన్న సంగతి సత్యవేణికి కలలోనూ తెలుసు. కాని పోయిన మనిషి ఎదురుగా కూర్చుని తాపీగా పిండి నలుపుతూంటే, మీరు పోయారు కదండీ అని మొహమ్మీద ఎలా అడుగుతాం? మర్యాదగా ఉండదు.

"ఎవరికే ఈ గుండిగ?" అంటుంది తాయారు వదిన తలెత్తకుండా.

"తెలీదండి వదినా. పొయ్యి మీద ఉంటే కలుపుతున్నాను."

"బాగుంది సంబడం. ఎవరికో తెలీకుండానే అన్ని బియ్యం పోసేశావా?"

సత్యవేణి గుండిగలోకి చూస్తుంది. బియ్యం మెత్తబడ్డాయి, ఇంకా బెల్లం పడలేదు, పాలు మీగడరంగు తిరిగాయి. ఇక్కణ్ణించే అసలు పని. ఇప్పటిదాకా పొయ్యి చేసింది, ఇకమీదట చెయ్యి చెయ్యాలి. పాలు దగ్గరపడ్డాక తెడ్డు వదిలితే చాలు, రెప్పపాటులో అడుగంటుతుంది, అడుగంటిన పరమాన్నంలో పచ్చకర్పూరం పిడికెడు పోసినా ఆ మాడువాసన పోదు. కాపురానికి వచ్చిన మొదటి ఏడాది తాయారు వదిన ఆమెకు నేర్పిన మొదటి పాఠం అదే. ఇంటిమీద పిడుగు పడ్డా సరే తెడ్డు వదలకు, అనేది.

"ఆర్డర్లు వస్తున్నాయా?"

"వస్తున్నాయండి. ఎక్కువమంది ఫ్రూట్ కస్టర్డ్ అడుగుతున్నారు. మొన్న ఒకాయన సగ్గుబియ్యం పాయసంలో ఐస్‌క్రీమ్ వెయ్యమన్నాడు."

"వేశావా?"

"వేశానండి."

"రామరామ," అంటుంది తాయారు వదిన, కాని మొహంలో కుతూహలం దాగదు. "ఎలాగుందే, రుచి?"

"తెలీదండి. ఈమధ్య నాకు రుచి తెలీటంలేదు."

ఆ మాట ఆమె ఇంతవరకు ఎవరితోనూ అనలేదు. ఎనిమిది నెలలుగా ఉప్పు ఉప్పగా లేదు, బెల్లం తియ్యగా లేదు, ఏడుపు వస్తుందేమోనని కొన్నాళ్ళు చూసింది, అదీ రాలేదు. పదోరోజున చుట్టాలు గట్టి మనిషివమ్మా అని భుజం తట్టి వెళ్ళారు. చేతులు వాటంతట అవే కొలతలు వేసుకుంటున్నాయి గనక ఆర్డర్లు ఆగలేదు, తిన్నవాళ్ళు బాగుందంటున్నారు, ఆమె అవునా అండి అంటోంది.

తాయారు వదిన అరచేతుల మధ్య నుంచి జారుతున్న తాలిక తెగకుండా సాగుతోంది. చాప దాటి, కమ్మీల కిందుగా పోయి, నీళ్ళ మీద పడకుండా ముందుకే పోతోంది, దాని వెంట చూపు పోనిస్తే గోదావరి ఉండాల్సిన చోట ఆసుపత్రి వరండా ఉంది, తుంటి ఎముక విరిగినప్పుడు వదినను స్ట్రెచరు మీద పడుకోబెట్టి ఎక్స్‌రే కోసం కూర్చున్న వరండాయే, బెంచీల మీద మనుషులు తలా ఒక ఖాళీ గిన్నె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఎవరూ ఇదేంటి ఇంతసేపని అడగడం లేదు. పొయ్యి మాత్రం ఇక్కడే, వరండా మధ్యలో మండుతోంది, తెడ్డు తిరుగుతూనే ఉంది.

"అబ్బులు ఎలా ఉన్నాడే?" అంటుంది తాయారు వదిన. అబ్బులంటే సత్యవేణి భర్త; ఇంటి ముందు గదిలో మిషను పెట్టుకుని జాకెట్లు కుడతాడు.

"కుడుతున్నారండి. పెద్దగా మాట్లాడటంలేదు."

"వాడెప్పుడు మాట్లాడాడు గనక. నేను పోయేటప్పుడు ఏమైనా అన్నానేమోనని అడిగాడా?"

"అడిగారండి."

"ఏం చెప్పావు?"

"ఏమీ అనలేదని చెప్పాను."

తాయారు వదిన చేతులు ఆగుతాయి. తాలిక మాత్రం ఆగదు.

ఆ రోజు పొద్దున పది గంటలకు ఒకరింట్లో అన్నప్రాసన. అబ్బులు లైనింగు గుడ్డ కోసం రాజమండ్రి వెళ్ళాడు. తుంటి విరిగి మూడు నెలలుగా మంచం మీదున్న తాయారు వదిన నడిమి గదిలోంచి రోజుకు నలభైసార్లు పిలిచేది. ఫ్యాను తగ్గించమని, కిటికీ మూయమని, బెల్లం ఏ రంగుదో తెచ్చి చూపించమని. సరిగ్గా పాలు దగ్గరపడే వేళకు "వేణీ" అని వినిపించింది. "వస్తున్నానండి వదినా, దగ్గరపడింది," అని పెరట్లోంచే కేకేసింది సత్యవేణి. కాసేపటికి మళ్ళీ పిలుపు. ఈసారి జవాబివ్వడానికి కూడా విసుగనిపించి ఊరుకుంది. మూడోసారి పిలవకపోతే అమ్మయ్య అనుకుంది. ఆ అమ్మయ్యను తలుచుకుంటే ఆమెకు తన మీద తనకే అసహ్యం వేస్తుంది, ఎనిమిది నెలల్లో ఆమెకు స్పష్టంగా తెలిసిన రుచి అదొక్కటే.

పరమాన్నం దించి, ఆరనిచ్చి బెల్లం కలిపి, నేతిలో జీడిపప్పు వేయించి వేసి, వచ్చినవాళ్ళ చేతికి గుండిగ అందించాక, అడుగున మిగిల్చిన నాలుగు చెంచాలు గిన్నెలో పెట్టుకుని నడిమి గదిలోకి వెళ్ళింది. నీళ్ళ గ్లాసు నిండుగానే ఉంది. ఫ్యాను సన్నగా తిరుగుతోంది. దుప్పటి చెదరలేదు. ఎందుకు పిలిచిందో చెప్పే ఆనవాలు ఆ గదిలో ఒక్కటీ లేదు, మంచం మీది మనిషిలో ప్రాణమూ లేదు.

ఇప్పుడు అడగాలి. అడగడానికే ఈ పంటూ ఈ వరండా వచ్చాయని ఆమెకు అనిపిస్తోంది.

"వదినా, నన్నెందుకు పిలిచారండి?"

"ఎప్పుడే? రోజంతా పిలుస్తూనే ఉండేదాన్ని."

"ఆఖర్రోజు. రెండుసార్లు."

తాయారు వదిన నుదురు చిట్లించి ఆలోచిస్తుంది, సంతలో కొనాల్సిన సరుకేదో మర్చిపోయిన మనిషిలా. "ఫ్యాను తగ్గించమనేమో."

"తగ్గించే ఉందండి."

"మంచినీళ్ళకేమో."

"గ్లాసు నిండుగా ఉందండి. నేను చూశాను."

"అయితే ఏలకులు ఎక్కువ దంచేసినట్టు వాసనొచ్చుంటుంది."

"అప్పటికింకా ఏలకుల డబ్బా మూతే తియ్యలేదండి."

"అన్నీ నువ్వే చెబుతున్నావు, మళ్ళీ నన్నడుగుతావేం?" అంటుంది తాయారు వదిన, కోపం లేకుండానే. "నీకు తెలీని సంగతి నీ కలలోకొచ్చి నేనెక్కణ్ణించి తెచ్చి చెప్పనే?"

అది నిజమే. ఆ రోజు సత్యవేణి కట్టెలు వెనక్కి లాగేసి ఒక్క పరుగున వెళ్ళి వచ్చి ఉండవచ్చు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. రావాల్సిందండి, తప్పయిపోయింది, అందామని నోరు తెరుస్తుంది. నోట్లోంచి వచ్చే మాట వేరే.

"తెడ్డు వదలొద్దని మీరే కదండీ చెప్పారు."

క్షమించమని అడగబోయి తగువేసుకున్నందుకు ఆమెకు సిగ్గేస్తుంది. తాయారు వదిన మాత్రం నవ్వుతుంది, పై వరసలో లేని రెండు పళ్ళూ కనిపించేలా, భుజాలు కదిలేలా.

"ఇరవై నాలుగేళ్ళలో నేను చెప్పినమాట నువ్వు విన్నది అదొక్కటేనే. కుంకుళ్ళు కొట్టుకోమంటే షాంపూ పొట్లాలు తెచ్చావు. జున్నులో మిరియాలు వెయ్యవే అంటే మానేశావు. పాయసానికి కొత్తబియ్యం తెమ్మంటే కోటా బియ్యం పోసి, నాకు తెలీదనుకున్నావు. అదిగో, ఆ ఒక్కటీ విన్నావు."

"వినకుండా ఉండాల్సిందండి."

"అదీ నువ్వే చెప్పు." మళ్ళీ పిండి ముద్ద అందుకుంటుంది. "ఆ పిల్ల తిందా?"

"తిందంటండి. బంగారపుటుంగరంతో నాలిక మీద రాస్తే ముందు మొహం చిట్లించిందంట, ఆనక వాళ్ళమ్మ వేలు పట్టుకుని వదల్లేదంట."

"అడుగంటలేదుగా?"

"లేదండి. బాగా కుదిరింది."

"మరింకేం," అంటుంది తాయారు వదిన.

ఇంకేమీ లేదన్నట్టు వరండాలో దీపాలు తగ్గుతాయి, బెంచీల మీద మనుషులు పలచబడతారు, నీళ్ళ చప్పుడు మళ్ళీ వినిపిస్తుంది. తిట్టినా బాగుండేది. వదిన లేచి వచ్చి తెడ్డు లాక్కుని ఓ దెబ్బ వేసినా బాగుండేది. ఇంత దూరం వచ్చి, ఇంత దగ్గరగా కూర్చుని, వంట సంగతే మాట్లాడుకున్నాం కదా అని సత్యవేణి అనుకుంటూ ఉండగా, లోపలి నుంచి, లోపలంటూ ఏమీ లేని ఆ చోటు నుంచి, పిలుపు వస్తుంది.

"వేణీ."

ఎదురుగా తాయారు వదిన పెదాలు కదల్లేదు. ఆమె కూడా విన్నట్టే ఉంది. తల అటు తిప్పి, మళ్ళీ గుండిగ వైపు చూస్తుంది, పాలు తుకతుకమంటున్నాయి, బుడగ లేచిన చోట గుంట పడి నెమ్మదిగా పూడుతోంది, సరిగ్గా వదలకూడని వేళ.

"వస్తున్నానండి," అంటుంది సత్యవేణి. అని, తెడ్డు వదలబోతుంది. వేళ్ళు విప్పుకోవు. రెండో చేత్తో ఒక్కొక్క వేలూ విప్పుతుంది, విప్పిన వేలు మళ్ళీ ముడుచుకుంటుంది, తెడ్డు తిరుగుతూనే ఉంటుంది, తాయారు వదిన సాయం చెయ్యదు, వద్దనదు, ఆమె ఏంచేస్తుందో చూడాలన్నట్టు తాలిక పట్టుకుని కూర్చుంటుంది.

"వేణీ," రెండోసారి. ఈసారి గొంతు ఆడమనిషిది కాదు.

సత్యవేణి కళ్ళు తెరిచింది. మధ్యాహ్నం ఎండ గుమ్మం దాకా వచ్చి ఆగింది. మెడ కింద దిండు చెమటకు తడిసి ఉంది. ముందు గదిలో మిషను చప్పుడు లేదు. లేచిందో లేదో తనకే తెలియకుండా ఆమె పైట కూడా సర్దుకోకుండా నడిమి గది దాటి పరుగున వెళ్ళింది, తలుపు రెక్క భుజానికి తగిలింది, నొప్పి పుట్టింది.

అబ్బులు మిషను ముందు కూర్చుని ఉన్నాడు. సూది కింద సగం కుట్టిన జాకెట్టు చెయ్యి. చేతులు రెండూ ఒళ్ళో.

"ఏంటండీ? ఏమైందండీ?"

ఆ రొప్పు చూసి అతను కంగారుపడ్డాడు. "ఏం కాలేదు. ఎందుకలా పరిగెత్తుకొచ్చావు?"

"పిలిచారు కదండీ."

"పిలిచాను. ఏం లేదు." చెప్పడానికి మొహమాటపడి, సూది వైపు చూస్తూ అన్నాడు. "ఇంట్లో ఉన్నావో లేదోనని."

"అందుకా?"

"అందుకే. పలికితే చాలనుకున్నాను. నిద్రలేపేశానా?"

ఫ్యాను, నీళ్ళు, కిటికీ, దుప్పటి, ఏలకులు, కడుపులో నొప్పి, ఛాతీలో నొప్పి, అప్పగింతలు, శాపనార్థాలు, ఎనిమిది నెలలుగా సత్యవేణి అన్నీ ఆలోచించింది. ఇదొక్కటే తోచలేదు. మొదటిసారి తను పలికింది. రెండోసారి పలకలేదు.

ఆమె మిషను పక్కన, గుడ్డపీలికల మీదే కూలబడింది. ఏడుపు వస్తుందనుకుంది, రాలేదు. భుజం నొప్పి మాత్రం స్పష్టంగా తెలుస్తోంది. అబ్బులు స్టూలు మీంచి దిగి ఆమె ఎదురుగా కింద కూర్చున్నాడు, ఏమైందని రెండుసార్లు అడిగాడు.

"ఆ రోజు మీరడిగితే ఏమీ అనలేదని చెప్పాను కదండీ," అంది సత్యవేణి. "వదిన నన్ను పిలిచారండి. రెండోసారి నేను పలకలేదు."