అర్థం కానట్టు ఉండుడు

మిర్యాలగూడ రైస్ మిల్లుల హమాలీ పని చేసి చేసి నాకు మాట తక్కువైంది. మిల్లు నడుస్తుంటే పక్కన నిలబడి అరిచినా ఇనపడదు. అందుకే మేం చేతులతోని మాట్లాడుకునేది. పిడికిలి భుజం మీద పెడితే మూట ఎత్తు అని. బొటనవేలు నోటి దిక్కు వంచితే నీళ్లు. అరచెయ్యి తిరగేస్తే ఇగ చాలు, ఆపు. ఆ అలవాటు నా ఎంట ఇంటికి కూడా వచ్చింది. "ఈ మనిషితోని మాట్లాడుడు, గోడతోని మాట్లాడుడు ఒకటే" అని నా భార్య జానమ్మ చర్చిల అందరి ముందల అంటది.

మా మనుమరాలు దీవెనకు మాత్రం ఆ చేతుల మాటే అక్కరకొచ్చింది. పుట్టంగనే పిల్లకు ఊపిరి అందలేదు. కాళ్లుచేతులు బిగుసుకపోతయి. ఏదన్న చెప్పబోతే మాట గొంతులనే చిక్కుకుంటది. మతి మంచిగుంటది, అన్నీ తెలుస్తయి. ఎడమచెయ్యి జర చెప్పినట్టు ఇంటది. ఆ చేతితోనే నా దగ్గర మిల్లు సైగలన్నీ నేర్చుకున్నది.

వాళ్లమ్మ కృప దామరచర్ల కరెంటు ప్లాంటు కాడికి కూలికి పోతది, నాయిన వేణు లారీల మీద తిరుగుతడు. పిల్లను సైకిలు మీద బడికి తోలుకపోయేది నేనే. ఇప్పుడు మూటలు ఎత్తుతలేను, పొద్దుగూకేయాళ్ల మిల్లు గేటు కాడ కావలి కూసుంట. అందుకని పగలంత దీవెన క్లాసు కిటికీ అవతల వరండల ఉండేటోణ్ని. సారు ఏదన్న అడిగితే దీవెన నా దిక్కు సూసి సైగ చేసేది. నేను ఆ మాట పైకి చెప్పేది.

"ఇంట్ల నోరు తెరవడు, బడిల మాత్రం ఐదో క్లాసు చదువుతుండు" అని జానమ్మ నవ్వేది.

ఆ ఏడు అరుణ మేడం వచ్చింది. దీవెన అసొంటి పిల్లల కోసమే బడి బడికి తిరిగే టీచరు. కోదాడ ఆమె, మాట మెత్తగుంటది. దీవెనకు ఒక ట్యాబు తెచ్చిచ్చింది. పలకంత ఉంటది. దాంట్ల అన్నీ బొమ్మలు. ఏ బొమ్మ నొక్కితే ఆ మాట ఒక ఆడమనిషి గొంతుతోని బయటికొస్తది. దీవెన వేలు వణికినా తప్పిపోకుండ బొమ్మలు పెద్దగ పెట్టింది మేడం. ఇంట్లోళ్ల బొమ్మల కాడ మా ఫోటోలే పెట్టింది.

మొదట్ల దీవెన నొక్కి ఆడుకున్నది. తర్వాత దాని దిక్కే సూడలేదు.

ఒకనాడు మేడం వరండలకు వచ్చింది.

"దావీదు తాతా, ఒక మాట చెప్తాను, ఏమీ అనుకోకండి. వాడని ట్యాబు ఇక్కడెందుకు, నెలాఖరుకి తిరిగి ఇచ్చేయమంటున్నారు. పెద్దవూరలో ఇంకో పాప ఎదురుచూస్తోంది."

"ఇచ్చేయుండ్రి మేడం. అది చెప్పేది నాకు తెలుస్తది గద."

"మీకు తెలుస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది. వచ్చే ఏడు పెద్ద బడికి పోతుంది. అక్కడ కిటికీ దగ్గర మిమ్మల్ని కూర్చోనిస్తారా? కూర్చోనిచ్చారే అనుకోండి, ఎన్నాళ్లు?"

మేడం నా పక్కన కూసున్నది.

"అడక్కముందే మీరు అన్నీ అందిస్తుంటే ఆ పిల్ల బొమ్మ ఎందుకు నొక్కుతుంది తాతా? కొన్నాళ్లు మీకు అర్థం కానట్టు ఉండండి."

మూట ఎత్తమంటే ఎత్తుత. గిదేం పని?

ఇంట్ల చెప్తే జానమ్మ నెత్తి కొట్టుకున్నది. "పిల్ల నీళ్లడిగితే తెలవనట్టు ఉంటవా? నీది గుండెనా, ఇంకేమన్ననా?"

"ట్యాబు పోతదంట."

"పోతే పోనీయ్." గడప దాక పోయి మళ్ల తనే తిరిగొచ్చి, "పెద్ద బడిల ఎట్ల మరి?" అన్నది.

బడి నుంచి వచ్చినంక దీవెన బొటనవేలు నోటి దిక్కు వంచింది. నేను ఇంటి పైరేకుల దిక్కు సూసిన. మళ్ల వంచింది. నేను మళ్ల రేకులే. అప్పుడు చెయ్యి నా కళ్ల ముందటికి తెచ్చింది, తాతకు కళ్లు మందగించినయేమో అన్నట్టు.

"ఏందో బిడ్డా, తెలుస్తలేదు" అన్న.

ట్యాబు దాని ఒళ్లనే ఉన్నది. అది నన్నే సూస్తున్నది. జానమ్మ లోపలి నుంచి ఉరికొచ్చి గిలాస దాని నోటికి అందించింది.

"నాతోని కాదయ్యా. రాయి లెక్క కూసునుడు నీకు అలవాటే, నువ్వే కూసో."

తెల్లారి సైకిలు ఎనక కుర్చీల కూసోబెడితే, ఎప్పుడూ నా వీపుకు తల ఆనించే పిల్ల ఆనించలేదు. దారంత లారీల దిక్కే సూసింది. నాకు వీపంత సల్లగనిపించింది. నాలుగు రోజులు అట్లనే నడిచింది. నాతోని కాదని మేడంకు చెప్దామని రోజూ అనుకునుడు, వరండల కూసునుడు.

ఐదో నాడు క్లాసుల మేడమే ఉన్నది. ఇంట్లో ఎవరేం పని చేస్తారో చెప్పమంటున్నది. ఒక్కొక్కలు లేసి చెప్తున్నరు. దీవెన వంతొచ్చింది. కిటికీ దిక్కు తిరిగి పిడికిలి భుజం మీద పెట్టింది. మూట. నా పని చెప్తున్నది నా బిడ్డ. మాట నా నాలుక మీదికి వచ్చింది. కిటికీ సువ్వలు పట్టుకొని రోడ్డు దిక్కు తిరిగిన.

"మేడం, దానికి భుజం నొస్తుందంట" అన్నది పక్కన కూసునే రోజా.

"కాదే, బ్యాగు బరువైందంట" అన్నరు ఎనకకెళ్లి.

"దోమ కుట్టిందేమో!"

అందరు నవ్విన్రు. దీవెన గొంతుల నుంచి కోపం సప్పుడొచ్చింది. నేను తిరగలేదు. కళ్లల్ల నీళ్లు తిరిగినయి గని నేను తిరగలేదు.

"తాత" అన్నది ట్యాబు.

నా వేళ్లు సువ్వకు అతుక్కపోయినయి.

"తాత. చూడు. లేదు." ఆగింది. "తాత. కోపం. కోపం. కోపం."

పిల్లలు ఒక్కతీరుగ అరిసిన్రు. రోజా అయితే బల్ల మీద గుద్దుతున్నది. "అమ్మో, తాతను తిడుతుంది మేడం! ఇంకా తిట్టవే!"

"కోపం" అన్నది మళ్ల.

అప్పుడు తిరిగిన. మేడం పిల్ల పక్కన మోకాళ్ల మీద కూసున్నది. "సరే, తాతతో తర్వాత పోట్లాడదాం. ఇంతకీ తాత ఏం పని చేస్తాడు?"

దీవెన వేలు వణుకుతూ ఒక్కో బొమ్మ దాటుకుంట పోయింది. "బియ్యం" అన్నది ట్యాబు. ఇంకా ఎతికింది. "బరువు. తాత."

"బియ్యం మూటలు మోస్తడంట!" అన్నది రోజా.

దీవెన నవ్వింది. రోజా దిక్కు సూసి నవ్వింది, నా దిక్కు కాదు.

మేడం కొంగుతోని కళ్లొత్తుకొని కిటికీ కాడికి వచ్చింది. "పెద్దవూర పాపకి ఇంకొకటి అడుగుతాను తాతా. ఇది మాత్రం ఎక్కడికీ పోదు." మళ్ల పిల్ల దిక్కు తిరిగింది. "తాతని లోపలికి పిలుద్దామా దీవెనా?"

దీవెన ఈ తాప ఎతకనన్న ఎతకలేదు.

"వద్దు" అన్నది ట్యాబు. "తాత. ఇల్లు. వెళ్ళు."

నేను సైకిలు తీసిన. ఎక్కబుద్ధి కాలేదు. నడిపించుకుంటనే ఇంటిదాకా పోయిన. జానమ్మ వాకిట్ల బియ్యం చెరుగుతున్నది.

"గింత జల్ది వచ్చినవేంది? పిల్లేది?"

"బడిలనే ఉన్నది. నన్నే ఎల్లగొట్టిన్రు."

"ఎవరు?"

"దీవెన."

జానమ్మ చేతుల చాట ఆగింది. "అదెట్ల ఎల్లగొట్టింది?"

"పొమ్మని చెప్పింది" అన్న. "అందరి ముందల."