కంప్యూటర్ గదిలో ఘాటు

మిరప కోతల రోజుల్లో ఆ ఊరి హైస్కూలు సగం ఖాళీ. మిగిలిన సగంలోనూ చాలామంది పొద్దున్నే చేలో కాయ కోసి, అటునుంచి అటే బడికి వచ్చేవాళ్ళు. లెక్కల మేష్టారు గురునాథం చెప్పిన పాఠమే మళ్ళీ చెప్పాలి, రానివాళ్ళు వచ్చాక ఇంకోసారి చెప్పాలి. సాయంత్రానికి గొంతు పట్టేసేది. దానికి తోడు ఈ కంప్యూటరొకటి.

ఆ ఏడే గవర్నమెంటు పంపింది. టీవీలాంటి పెట్టె, ముందు మీటల పలక. గుంటూరులో నాలుగు ముక్కలు నేర్పించి, గురునాథం మెడకు తగిలించారు.

"చదువు చెప్పడమంటే పిల్లల మొహం చూడటమండీ. దీనికి మొహాలు కనపడతాయా?" అన్నాడాయన, హెడ్మాస్టరు జానకిరామయ్యతో.

జానకిరామయ్య నవ్వి గది తాళంచెవి చేతిలో పెట్టాడు.

ఇప్పుడు దాన్ని వదిలించుకునే దారి దానంతటదే దొరికింది. పెట్టె ముందు కూర్చున్న పిల్లలకు కళ్ళు మండి నీళ్ళు కారుతున్నాయి. అందులోంచి ఏవో కిరణాలు వస్తున్నాయని ఊళ్ళో పాకింది. మిరప రైతు బుల్లయ్య ఆఫీసు గుమ్మంలోంచే కేకేశాడు.

"మా పిల్ల కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయండీ! రేపది గుడ్డిదైతే గవర్నమెంటోళ్ళొచ్చి కళ్ళిస్తారా?"

"రేపొకసారి రావయ్యా. గురునాథం గారు వద్దంటే వెనక్కి పంపించేద్దాం" అన్నాడు జానకిరామయ్య.

వద్దు అనే ఒక్క మాట చాలు. పక్కనే ఉన్న గురునాథానికి ప్రాణం తేలికపడింది.

మధ్యాహ్నం పెట్టె మీద గుడ్డ కప్పుదామని వెళితే, శివపార్వతి కూర్చుని ఉంది. బుల్లయ్య చేలోనే కూలికి పోయే పిల్ల. కోతల్లో పడి భిన్నాల పాఠం మొత్తం పోగొట్టుకుంది. మీట నొక్కింది, తప్పు. పెట్టె మళ్ళీ అడిగింది. మళ్ళీ తప్పు. మళ్ళీ అడిగింది. గురునాథం గుమ్మంలోనే నిలబడిపోయాడు. మూడోసారికే తన గొంతు కరుకెక్కుతుంది. పెట్టెకు గొంతే లేదు. ఈసారి లెక్క కుదిరింది. ఆ పిల్ల తనలో తను నవ్వుకుంది.

"ఏదమ్మా, జరుగు. తర్వాతిది చూపిస్తాను."

నాలుగు మీటలు నొక్కి, కనురెప్పల మీద చెమట తుడుచుకున్నాడు. కళ్ళలో నిప్పులు పోసినట్టయింది. శివపార్వతి పరుగున కూజా తెచ్చి నీళ్ళు పోసింది. కళ్ళు తెరిస్తే ముందు కనిపించినవి ఎర్రబారిన ఆ పిల్ల వేళ్ళు. ఆయన చూపు ఎక్కడుందో ఆమెకూ అర్థమైంది.

"నన్నింక రావద్దంటారా అండీ?"

ఆయన కూజా అందుకుని, మిగిలిన నీళ్ళు ఆ పిల్ల చేతుల మీద పోశాడు.

మర్నాడు బుల్లయ్య మీసం దువ్వుకుంటూ వచ్చాడు.

"కిరణాలూ లేవు, పాడూ లేదయ్యా. పిల్లల చేతుల నుంచి మీటలకు అంటుకుంది మిరప ఘాటు. అవి ముట్టుకుని కళ్ళు నులుముకుంటున్నారు" అన్నాడు గురునాథం.

"ఏ పిల్ల చేతులండీ అవి? ముందు దాన్ని రానీకండి!"

"నీ చేలో కాయ కోసే చేతులే. అందర్నీ మానిపించమంటావా? కోత నువ్వు కోసుకుంటావా?"

బుల్లయ్య గతుక్కుమన్నాడు. అంతలోనే మొహం విప్పారింది.

"అంటే మన కాయ ఘాటేనా మేష్టారూ! మరేమనుకున్నారు? మిర్చి యార్డులో మన బస్తా విప్పితే బేరగాళ్ళు తుమ్మలేక చావాలి!"

"ఇంతకీ ఉంచేదా, పంపేదా?" జానకిరామయ్య అడిగాడు.

"ఉంచండి. నేను విసుక్కుంటున్నాను. అది విసుక్కోదు."

ఆ పూట నుంచే గది ముందు బకెట్టు నీళ్ళు, సబ్బుముక్క. పిల్లలందరి చేతులూ కడిగించాలి, గట్టిగా పిండిన గుడ్డతో మీటలు తుడవాలి. ఉన్న పనికి ఇంకో పని. గురునాథం నిట్టూర్చి స్టూలు లాక్కుని గుమ్మంలో కూర్చున్నాడు. లోపల పెట్టె ఎవరినో మళ్ళీ అదే లెక్క అడుగుతోంది. కాసేపు తను మాట్లాడక్కర్లేదు.