బండికి పాకిన జ్వరం

ఘాట్ రోడ్డు సగం దిగేసరికి మా పాత బండిలో వేడి చూపించే ముల్లు ఇంజిన్ని వదిలేసి మా చెల్లెలి జ్వరాన్ని చూపించడం మొదలుపెడుతుంది.

నీలవేణి వెనక సీట్లో పడుకుని ఉంది. మూలిగినప్పుడల్లా ముల్లు ఎర్రగీత వైపు జరుగుతోంది. కొండ కింద ఆసుపత్రికి ఇంకా చాలా మలుపులున్నాయి. ఏసీ ఆపేసి, అద్దాలు దించి, వేగం పెంచకుండా నడుపుతున్నాను.

బానెట్ సందుల్లోంచి ఆవిరి వస్తుంది. పక్కకి ఆపుతాను. వేడి మీద రేడియేటర్ మూత తియ్యకూడదు కాబట్టి కాసేపు ఆగుతాను. ఆగినంతసేపూ నీలవేణి పెదాలు ఎండి పగులుతున్నాయి. చివరికి మూత మీద తువ్వాలు కప్పి, మెల్లగా తిప్పి, సీసాలో నీళ్ళు పోస్తాను. వెనక సీట్లో ఆమె గొంతు గుటకలు వేస్తుంది.

"ఇంకొంచెం పొయ్యప్పా," అంటుంది కళ్ళు తెరవకుండా. అక్కనైన నన్ను తను అప్పా అనే పిలుస్తుంది.

రేడియేటర్ పైపు చీలి నీళ్ళు కారుతున్నాయి. నీలవేణి జాకెట్టు కూడా పక్కటెముకల దగ్గర తడుస్తోంది. పైపుకి రబ్బరు ముక్క చుట్టి బిగించి కడతాను. జాకెట్టు ఆరిపోతుంది.

తాళం తిప్పితే టిక్కుమంటుంది, అంతే. మళ్ళీ తిప్పుతాను. టిక్కు. వెనక్కి తిరిగి ఆమె మణికట్టు పట్టుకుంటాను. నాడి కూడా అదే శబ్దం చేస్తోంది, ఎడంగా, అలసటగా. బ్యాటరీ కొనల మీద తెల్లటి పొడి పేరుకుని ఉంది. గీకేస్తాను. నాడి స్పష్టంగా తగులుతుంది గానీ అందులో బలం లేదు.

అప్పుడు ఎర్నాయుడు కొండ గోడలోంచి స్కూటర్ మీద బయటికి వస్తాడు. ఈ దారిలో ఆగిపోయిన బళ్ళు బాగుచేసే మెకానిక్ అతను. భుజాల మీద మట్టి దులుపుకుని నేను చెప్పిందంతా వింటాడు. బ్యాటరీ మంచిదేననీ, దాన్ని నింపే ఆల్టర్నేటర్ సరిగా పనిచెయ్యక ఖాళీ అయిందనీ అంటాడు. ఇంకో బండి నుంచి కరెంటు ఎక్కించాలి. స్కూటర్ది చాలదు. రోడ్డు మీద వేరే బండి లేదు.

"నువ్వున్నావు గదమ్మా," అంటాడు.

ఎర్ర తీగ నా కుడి బొటనవేలికి, నల్ల తీగ ఎడమ దానికి తగిలిస్తాడు. నొప్పి లేదు. చల్లగా ఏదో మోచేతుల్లోంచి దిగిపోతుంది. ముందు ఆకలి పోతుంది. తర్వాత నిద్ర. ఆ తర్వాత మేం పుట్టిన వీధి పేరు. ఇంజిను అందుకుంటుంది. నీలవేణి దీర్ఘంగా ఊపిరి పీలుస్తుంది.

"ఇంక ఆపకు," అంటాడు ఎర్నాయుడు తీగలు విప్పుతూ. "ఆపినావంటే, మళ్ళీ ఎక్కించడానికి నీకాడ ఏటీ మిగల్నేదు."

దిగుతున్నాం. బ్రేకు మీద కాలు పెడితే మెత్తగా లోపలికి దిగిపోతుంది. మొదటి గేరులో వేసి ఇంజిను బిగువు మీదే బండిని పట్టుకుంటాను. ఒక పక్క లోయ. నేను భయపడేకొద్దీ రోడ్డు పొడవవుతోంది. తిరిగిన మలుపే మళ్ళీ ఎదురొస్తోంది. భయం పోగొట్టుకోవడానికి నీలవేణితో మాట్లాడతాను. జ్వరం వచ్చిన రోజే నాకెందుకు కబురు చెయ్యలేదని అడుగుతాను. చేస్తే నేను ఈ బండేసుకుని వస్తాననీ, ఈ బండంటే తనకి భయమనీ చెబుతుంది.

"నాకూ భయమేనే," అంటాను.

ఆ మాటతో మిగిలిన రోడ్డంతా ముడుచుకుపోతుంది. మేం ఆసుపత్రి గేటు ముందున్నాం.

నర్సులు నీలవేణిని లోపలికి తీసుకెళ్తారు. నేను వార్డు కిటికీ కింద ఇంజిను ఆపకుండా బండిలోనే కూర్చుంటాను. ముల్లు మధ్యలో ఉంది. కాసేపటికి పెద్ద నర్సు కిటికీలోంచి తొంగిచూసి, కరెంటు లేదనీ, అయినా నా ఇంజిను తిరిగినంతసేపూ వార్డులో ఫ్యాన్లు తిరుగుతున్నాయనీ చెబుతుంది. రోగులకి ఉక్కగా ఉందట, కొంచెం రేజ్ చెయ్యమంటుంది. చేస్తాను.

ఫ్యాన్లు వేగం అందుకుంటాయి. వార్డు పునాది నుంచి విడివడి పైకి లేస్తుంది. ఎవరూ అరవరు. పెద్ద నర్సు కిటికీ ఊచల మీద ఆరేసిన దుప్పట్లు లోపలికి లాక్కుంటుంది. గాలికి వార్డు తూర్పుకి జరుగుతుంది. అది దూరమయ్యేకొద్దీ ముల్లు ఎర్రగీత వైపు పోతోంది, ఫ్యాన్లు మందగిస్తున్నాయి, వార్డు కిందికి జారుతోంది. దాని నీడ బండి మీద ఉంటేనే అది నిలుస్తుందని నాకు అర్థమవుతుంది. గేరు వేస్తాను.

గేటు దాటుతాం. సరుగుడు తోట దాటుతాం. ఇసుకలో చక్రాలు దిగబడుతున్నా వదలను. నీడ తీరం దాటి సముద్రం మీదికి వెళ్తుంది. నీలవేణి సెలైన్ సీసా తనే పట్టుకుని కిటికీ దగ్గరికి వచ్చి, తిన్నగా పొమ్మని చెయ్యి ఊపుతుంది.

ముందు చక్రాలు నీడ మీదికి ఎక్కుతాయి. కొత్తగా పోసిన తారులా అది గట్టిగా, కాస్త వెచ్చగా ఉంది. రెండో గేరు వేస్తాను. దూరంగా, అలల మధ్య అంకె వెయ్యని మైలురాయి ఒకటి నిలబడి ఉంది. దాని పక్కన నడుము లోతు నీళ్ళలో ఒకాయన రంగు డబ్బా పట్టుకుని, కుంచె ఎత్తి, మేం ఎంత దూరం వస్తామా అని చూస్తున్నాడు.