వేలాడే మెట్లు

తల్లి గొడుగు పెట్టుకుంది, మంచినీళ్ల సీసా పెట్టుకుంది, దెబ్బ తగిలితే కట్టడానికి దూదీ గుడ్డా కూడా సంచిలో కుక్కుకుంది.

"అమ్మా, మనం వెళ్లేది పాత పోస్టాఫీసుకి. యుద్ధానికి కాదు," అంది కూతురు.

"పాతదనే కదే నా భయం."

పాత కట్టడాలను జనానికి ఉచితంగా తిప్పి చూపించే వాలంటీర్లలో కూతురు ఒకతె. వచ్చే ఆదివారం నుంచి కొత్త సీజను. ఆలోపు గైడు కావాలనుకునేవాళ్లు రిహార్సలు చెయ్యాలి. దానికి ఆ కట్టడం ఎన్నడూ చూడని మనిషిని ఇంటి నుంచి వెంటబెట్టుకు రావాలి. బృందానికి పెద్ద అయిన డ్రాయింగు మాస్టారు పెట్టిన పద్ధతి అది. తండ్రికి డ్యూటీ పడింది. ఇక మిగిలింది అమ్మే. "నువ్వు మాత్రం నోరు తెరవకు," అని కూతురు దారి పొడుగునా చెబుతూనే ఉంది.

పోయినేడు ఇదే రిహార్సల్లో పిల్ల బట్టీ పట్టిన పాఠాన్ని గడగడా అప్పజెబుతూ, మధ్యలో ఎవరో దగ్గేసరికి అంతా మరిచిపోయి నిలబడిపోయింది. దాంతో ఏడాదంతా జనం వెనకాల నడుస్తూ, తప్పిపోయినవాళ్లను వెతికి తెచ్చే పనే దక్కింది. ఈసారీ తప్పితే మానేస్తానంది. తల్లికి కంటి మీద కునుకు లేదు. పిల్ల నవ్వులపాలైతే? కళ్లు తిరిగి పడితే? అసలు ఆ కప్పు ఇవాళే కూలితే?

హాల్లో మాస్టారు, బృందంలోనే ఉన్న మందుల షాపాయన, టైలరక్క సిద్ధంగా ఉన్నారు. కూతురు వాళ్లకేసి తిరిగి, వెనక్కి నడుస్తూ చెప్పడం మొదలుపెట్టింది. 'చూసుకుని నడువే' అన్న మాట తల్లి గొంతు దాకా వచ్చి ఆగింది.

మెట్ల దగ్గరకు రాగానే ఆమె వంగి వాటి కిందికి చూసింది. రాతి మెట్లు గోడలోంచి ఒక్కొక్కటే పొడుచుకొచ్చి, మెలిక తిరుగుతూ పైకి వెళ్తున్నాయి. కింద స్తంభం లేదు, దూలం లేదు. ఉన్నదంతా గాలే.

"ఈ సోపానమార్గం ఆనాటి నిర్మాణ నైపుణ్యానికి..." అంటోంది కూతురు. షాపాయన ఆవులించాడు. పిల్ల మాట తెగింది. పెదవులు తడుపుకుంది. పోయినేటి సంగతి చెబుతూ ఏడ్చినప్పటి మొహమే.

"సరే... పైకి పదండి," అంది నీరసంగా. టైలరక్క కాలెత్తింది.

"ఆగండి, ఎవరూ ఎక్కకండి," అంది తల్లి. "కిందేమీ లేదు. వీటిని ఎవరు మోస్తున్నారు?"

అందరూ ఆమెకేసి తిరిగారు. తల్లి నాలుక కరుచుకుంది. చేతులారా పిల్ల కొంప ముంచేశాననుకుంది.

కూతురు తల్లిని చూసింది. ఫ్యాను ఊడిపడదా, మలుపులో బస్సు పడిపోదా అని తల్లి అడిగినప్పుడల్లా ఇంట్లో ఎలా చూసి విడమరిచి చెబుతుందో, అలాగే మొదలుపెట్టింది.

"ఇలా రా. అందరూ రండి. ఇక్కడ నేల మీదే వరసగా నిలబడి కుడి భుజం గోడకు ఆనించండి. ఎడమ చెయ్యి ముందున్నవాళ్ల భుజం మీద వెయ్యండి. మాస్టారూ, అందరికన్నా వెనక మీరు, పై మెట్టు అనుకోండి. అమ్మా, నువ్వు అందరికన్నా కింది మెట్టువి."

"నన్నెందుకే ముందు పెట్టావు?"

"చెబుతా. ఇప్పుడు బరువు వెయ్యండి."

"మాస్టారు బరువంతా నా మీదే పడుతోంది," అన్నాడు షాపాయన. "మీరు కాస్త తిండి తగ్గించాలండీ."

"మీరు అక్క మీద వెయ్యండి. అక్కా, నువ్వు మా అమ్మ మీద వెయ్యి."

"మరి నేను ఎవరి మీద వెయ్యను?" అంది తల్లి.

"నీ కాళ్లు ఎక్కడున్నాయమ్మా?"

"నేల మీద."

"అంతే. బరువంతా అక్కడికి పోయింది. పడ్డావా?"

తల్లి తన కాళ్లకేసి చూసుకుంది. పడలేదు. "మరి గోడ ఏం చేస్తోందే?"

"పక్కకు మెలి తిరగకుండా పట్టుకుంటోంది. గోడ పట్టుకుంటుంది, కింది మెట్టు మోస్తుంది."

"మధ్యలో ఒకటి విరిగితే?"

"పైవాటికి ఆధారం పోతుంది. అందుకే మొన్న ఇంజనీరు వచ్చి మెట్టు మెట్టూ తట్టి చూశాడు. నువ్వు అడుగుతావని నేనూ ఆయన వెంటే తిరిగా."

టైలరక్క పకపకా నవ్వింది. తల్లి ఇంకో మాట అనకుండా మొదటి మెట్టు మీద కాలు పెట్టింది. గోడను తడుముకుంటూ, ఒక్కో మెట్టునూ పలకరిస్తున్నట్టు ఆగి ఆగి, పై అంతస్తు చేరింది. ఎత్తైన కిటికీల్లోంచి ఎండ గదంతా పరుచుకుని ఉంది. కూతురు ఒక్క క్షణం కూడా తడుముకోకుండా కిటికీల సంగతి, కప్పు సంగతి చెబుతూనే ఉంది. షాపాయన ఆవులింత మానేసి ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"ఆ బట్టీ పాఠం చింపెయ్యమ్మాయ్," అన్నారు మాస్టారు. "ఆదివారం గైడువి నువ్వే. అమ్మగారూ, మీరూ రావాలి."

"నేనొచ్చి ఏం చెయ్యనండీ?"

"భయపడండి. అందరికీ వినపడేలా భయపడండి, చాలు."

అందరితో పాటు తల్లీ నవ్వింది, కళ్లలో నీళ్లు తిరిగేదాకా. నవ్వుతూనే కిందికి తొంగి చూసింది. "అది కాదండీ, ఆదివారం చిన్నపిల్లలు వస్తారు కదా. వాళ్లు మెట్ల పక్కనున్న ఈ కటకటాలు పట్టుకుని ఊగితేనో?"

"ఆ ప్రశ్న ఆదివారానికి దాచుకోండి," అన్నారు మాస్టారు.

"దాచుకోవడం ఆవిడ వల్ల కాదు మాస్టారూ," అంటూ కూతురు కటకటాల వైపు నడిచింది, జవాబు చెప్పడానికి.