దానికా మాటలు ఎవరు నేర్పారు

కవళ్ళ చేపలు బండ మీద రుద్దుతున్నాను. బూడిద, పొలుసు కలిసి మోచేతుల దాకా అంటుకుని ఉన్నాయి. అప్పుడే ఫోను మోగింది. ఫోను మోగితే చాలు నాకు భయం. మా ఆయన స్టీలు ప్లాంటులో క్రేను కింద పనిచేస్తారు, మా అమ్మాయి రత్న రెండు బస్సులు మారి కాలేజీకి వెళ్తుంది. ఇద్దరిలో ఎవరికో ఏదో అయిందనే అనుకుంటాను ప్రతిసారీ. మోచేత్తో స్పీకరు నొక్కాను. గాజువాక నుంచి మా ఆడపడుచు సూర్యకాంతమ్మ వదిన.

“ఏటే ధనలక్ష్మీ, నీ కూతురు అందరి ఫోన్లలోకీ ఎక్కీసింది, సూసావా? మా అల్లుడు నాకే సూపించి నవ్వుతన్నాడు. పదిమందిలో మైకు లాక్కుని ఆడపిల్ల అలగ మాటాడతాదా? ఎవరు నేర్పారే దానికా మాటలు?”

“ఏ మాటలు వదినా?”

“నన్నడుగుతావేటి. నువ్వే సూసుకో. రేపు ఎవడు సేసుకుంటాడో కూడా నువ్వే సూసుకో.”

చేతులు కడుక్కుని వీడియో పెట్టాను. కాలేజీ ఫంక్షన్‌కి టీవీలో కామెడీ చేసేవాళ్ళు వచ్చారని రత్న చెప్పింది గానీ, ఏం జరిగిందో చెప్పలేదు. వీడియోలో ఒక మగవాడు చీర కట్టి, రవికలో దిండ్లు కుక్కుకుని, చీపురు తిప్పుతూ “ఏటి బావా, నానేటి సేసినాను” అని అరుస్తున్నాడు. హాలంతా నవ్వు. తర్వాత యాంకరు కిందికి దిగి ముందు వరసలో అమ్మాయిల దగ్గరికి వచ్చాడు. “ఇంత పద్ధతిగా ఉన్నారు, ఇంట్లో మాత్రం మీరూ ఇంతేనా?” అంటూ మైకు రత్న నోటి దగ్గర పెట్టాడు. రత్న ఆ మైకు చేతిలోకి తీసుకుంది.

“నా పేరు నూకరత్నం. సిగ్గేసి అందరికీ రత్న అని సెప్పుకుంటాను. ఇంట్లో మేమింతేనండి, ఇలగే మాటాడతాం. మీరిప్పుడు ఎక్కిరించింది మా అమ్మని. సీరియల్లో ఇల్లూడ్సినామె మాలాగ మాటాడతాది, పట్టుసీర కట్టినామె మాటాడదు. తలుపు సాటునించి ఇనీది కూడా మాలాగ మాటాడీదే. ఆడదాని ఏసం ఎయ్యకండా, మా యాస పలక్కండా మీరు ఒక్కసారి నవ్వించండి, సూద్దాం.”

ఎవరో ఈల వేశారు. యాంకరు మైకు తీసుకుని, “అతిథులతో కొంచెం మేనర్స్ ఉండాలమ్మా” అన్నాడు. మళ్ళీ అందరూ నవ్వారు.

నేను ఆ వీడియో మళ్ళీ పెట్టాను. కాలేజీవాళ్ళతో నా కూతురు అలా మాట్లాడదు. ఫోన్లో స్నేహితులతో మాట్లాడుతుంటే విన్నాను, వార్తలు చదివే అమ్మాయిలా మాట్లాడుతుంది. అంతమంది ముందు మాత్రం అచ్చం నాలా మాట్లాడింది. ఆ సీరియల్లో పనిమనిషిని చూసి నేనూ నవ్వుతాను రోజూ. అది నేనేనని నాకెప్పుడూ తోచలేదు. కింద జనం రాసినవి కూడబలుక్కుని చదివాను, ఎనిమిదో తరగతి చదువు నాది. పనిమనిషి కూతురేమో అని ఒకరు. ఫేమస్ అవడానికి వేషాలు అని ఒకరు. మీ ఇల్లెక్కడ అని ఇంకొకడు. మిగతావన్నీ మర్చిపోయాను గానీ ఆ ఒక్కటి పోలేదు. మద్దిలపాలెంలో అది బస్సు కోసం ఒక్కర్తే నిలబడుతుంది. నా ఊహలో బైకు మీద ఎవరో వస్తారు, ముఖానికి రుమాలు కట్టుకుని ఉంటారు, చేతిలో ఏదో సీసా ఉంటుంది. కవళ్ళు బండ మీదే ఎండిపోతున్నాయి, నేను లేచి నీళ్ళు కూడా చల్లలేదు.

సాయంత్రానికి కాలేజీ నుంచి మా ఆయనకి ఫోను వచ్చింది. ఇంట్లోవాళ్ళు పిల్లని తీసుకుని రేపు రావాలి, అతిథుల్ని అవమానించినందుకు అది సారీ చెప్పాలి, ఆ సారీ వీడియో తీసి పెడతారు. లేకపోతే ఉద్యోగాల ఇంటర్వ్యూలకి దాని పేరు పంపరు. ఆ ఉద్యోగం కోసమే కదా నేను దాన్ని ఒక్క గిన్నె తోమనివ్వకుండా చదివించింది.

“నాకు రేపు డ్యూటీ. నువ్వెల్లు,” అన్నారాయన కంచంలోంచి తలెత్తకుండా. “ఎల్లి సారీ సెప్పించు. నువ్వు మాత్రం నోరిప్పకు. నువ్వు మాటాడితే ఆళ్ళకి నవ్వొత్తాది. ఏయ్, కొంచెం పులుసెయ్యి.”

పులుసు వేశాను. ఈ మాట ఆయన అనడం ఇది మొదటిసారి కాదు. రత్న ఏడో తరగతిలో ఉన్నప్పుడు స్కూల్లో తల్లిదండ్రుల మీటింగుకి పంపుతూ ఇదే చెప్పారు. నేను పెదవి విప్పకుండా కూర్చుని, అడిగినదానికల్లా తల ఊపాను. ఆ టీచరు నా ముందే రత్నని అడిగింది, “మీ అమ్మగారికి మాటలు రావా” అని. ఇంటికొచ్చేదాకా రత్న నా చెయ్యి వదల్లేదు.

ఆయన పడుకున్నాక రత్న వంటింట్లోకి వచ్చి గట్టు మీద కూర్చుంది. “మర్యాదంటే ఏటమ్మా? నవ్వినోడికి అక్కర్లేదు గానీ నవ్వించుకున్నోళ్ళకి ఉండాలా? నాన్న నిన్ను పేరెట్టి పిలవగా నానెప్పుడూ ఇన్లేదు. ఆయన ఏయ్ అంటాడు, నువ్వు ఏవండీ అంటావు. ఇది కూడా మర్యాదే కదా మనింట్లో?”

“నోరుముయ్యి. నాన్న లేత్తారు.”

“నువ్వు సెప్పమంటే సారీ సెప్తాను. నీ ఒక్కదాని కోసం. నువ్వే సెప్పు.”

గిన్నెలు తోమాను, పొయ్యి తుడిచాను, తుడిచిన పొయ్యి మళ్ళీ తుడిచాను. చెప్పమంటే అది నాలా అయిపోతుందని భయం. వద్దంటే నాలాంటి బతుకే దొరుకుతుందని భయం. మొత్తానికి రెండూ ఒకటే.

పొద్దున్నే నిమ్మచెక్కతో చేతులు రుద్దుకున్నాను, అయినా కవళ్ళ వాసన పోలేదు. పెళ్ళిళ్ళకి కట్టే చీర కట్టుకుని, కాలేజీ ఆఫీసు గదిలో చేతులు కొంగు కింద దాచుకుని కూర్చున్నాను. రమణమూర్తి గారని పెద్ద సారు, మెత్తగా మాట్లాడతారు. పక్కన ఒక కుర్ర లెక్చరరు ఫోను పట్టుకుని నిలబడ్డాడు, సారీ వీడియో తీయడానికి.

“మీ అమ్మాయి తెలివైనదేనమ్మా. కానీ స్టేజీ మీద ఆ భాషేమిటి? చక్కగా మాట్లాడడం వచ్చుండి కూడా ఆ మాటలేమిటి? బయటివాళ్ళ ముందు మన పరువు పోదా? మీరైనా చెప్పండి.”

కంగారులో నా నోట్లోంచి వచ్చేసింది. “నన్నేటి సెప్పమంటారండి?”

కుర్ర లెక్చరరు పెదవి కొరుక్కున్నాడు. అయినా నవ్వు ముక్కులోంచి వచ్చేసింది. చిన్న నవ్వే. వీడియోలో హాలంతా నవ్విన నవ్వు అదే. రత్న తల వంచుకుంది. బల్ల కింద దాని చెయ్యి వచ్చి నా చెయ్యి పట్టుకుంది, ఏడో తరగతిలో పట్టుకున్నట్టే. వాసన వస్తుందేమోనని వెనక్కి లాక్కోబోయాను. అది వదల్లేదు.

“సరే, త్వరగా కానిద్దాం,” అన్నారు పెద్ద సారు. “రామ్మా, ఇలా నిలబడు, సారీ చెప్పు.”

రత్న కుర్చీలోంచి లేవకుండా నా వైపు చూసింది. ఇంటర్వ్యూలు గుర్తొచ్చాయి. బైకు మీద వాళ్ళు, వదిన, కంచం ముందు మా ఆయన, అందరూ కళ్ళ ముందు తిరిగారు.

“ఆ ఫోను లోపలెట్టు బాబూ. నా కూతురు సారీ సెప్పదు,” అన్నాను.

రమణమూర్తి గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. “అమ్మా, మీకు విషయం అర్థమైనట్టు లేదు. వాళ్ళ నాన్నగారిని పంపండి, ఆయనతో మాట్లాడతాను.”

లేచి నిలబడ్డాను. కొంగు కింద దాచుకున్న రెండో చెయ్యి కూడా బయటికి తీసి బల్ల మీద ఆన్చాను.

“ఆయనొచ్చి ఏటి సెప్తారండి? దీనికీ మాటలు నేర్పింది నాను.”